మళ్లీ మొదటికొచ్చిందని దిగులు పడకు

చి.ల.సౌ. సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. మూడు వారాలు ఇంట్లో ఎక్కడా తడి చేయని మీ కుక్కపిల్ల చింటూగాడు దీపావళి తర్వాత నుంచి మళ్లీ సోఫా పక్కన, మీ అత్తగారి మంచం కింద పోస్తున్నాడనీ, అల్లుడుగారు బాగా విసిగిపోయారనీ, ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట కూడా వచ్చిందనీ చెప్పావు. ఆ మాట ఇప్పుడే అనుకోవద్దు తల్లీ. ఐదు నెలల షిట్జు పిల్లకి ఇది మామూలే. చిన్న జాతి కుక్కలకు ఈ అలవాటు గట్టిగా కుదరడానికి ఎనిమిది నెలలు పట్టొచ్చు, కొన్నింటికి ఏడాది కూడా పడుతుంది. మధ్యలో ఇలా వెనక్కి వెళ్లే రోజులు వస్తూనే ఉంటాయి.

ఇన్నేళ్లు కుక్కల్ని పెంచి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఇంట్లో పోసిన ప్రతిసారీ దానికో కారణం ఉంటుంది. పంతం పట్టి పోయడం, మన మీద కసితో పోయడం కుక్కకి తెలియవు. అందుకని తడి కనబడగానే గుడ్డ అందుకోకుండా ఒక్క క్షణం ఆగి చూడు. ఎక్కడ పోశాడు, ఎంత పోశాడు, అంతకుముందు ఏం జరిగింది? ఈ మూడూ గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసిపెట్టు. వారం తిరిగేసరికి కారణం నీకే కనబడుతుంది.

అన్నిటికంటే ముందు డాక్టరుకి చూపించు. బాగా అలవాటైన పిల్ల హఠాత్తుగా తప్పిందంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాల్సిందే. మాటిమాటికీ కూర్చుని నాలుగు చుక్కలు పోయడం, పోసేటప్పుడు మూలగడం, అక్కడే నాకుతూ ఉండడం, ఎరుపు కనబడడం, ఎప్పుడూ లేనంతగా నీళ్లు తాగడం, వీటిలో ఏది కనబడినా రేపటికి వాయిదా వేయకు. కూర్చుంటున్నాడు కానీ చుక్క కూడా రావడం లేదంటే అది అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన విషయం. మూత్రం పట్టడం కష్టమేమో అని బెంగపడకు. షిట్జు నేలకి అంత దగ్గరగా ఉంటుంది కాబట్టి సీసా పెట్టడానికి సందు దొరకదు. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన వెడల్పాటి డబ్బా మూత ఒకటి చేతిలో ఉంచుకో. పొద్దున్నే మొదటిసారి వాడు కూర్చుని పోయడం మొదలుపెట్టగానే వెనక నుంచి మెల్లగా కిందికి జరుపు. ముందే జరిపితే ఉలిక్కిపడి లేచిపోతాడు, ధార మొదలయ్యాక జరిపితే ఆగడు. రెండు మూడు చెంచాలు చాలు. శుభ్రమైన సీసాలో పోసి గంట రెండు గంటల్లో ఇచ్చెయ్యి, ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టు.

రిపోర్టు బాగానే వచ్చిందనుకో, అప్పుడు నా అనుమానం దీపావళి మీదికే పోతుంది. నువ్వు చెప్పిన రోజులు సరిగ్గా అక్కడే మొదలయ్యాయి కదా. టపాకాయల మోతకి బెదిరిన పిల్లకి కింద పార్కింగ్ దాటి ఆ గడ్డి దగ్గరకి వెళ్లడమంటేనే గుండె దడ. అక్కడికెళ్లి చెవులు నిక్కబొడుచుకుని చుట్టూ చూస్తాడే గానీ ఒంటికి పోడు. ఇంటికొచ్చి తలుపు వేశాక ప్రాణం కుదుటపడుతుంది, అప్పుడు వదిలేస్తాడు. అది చూసి మనం "బయట ఇరవై నిమిషాలు తిప్పినా పోయనివాడు లోపలికి రాగానే పోశాడు, ఎంత పొగరు" అనుకుంటాం. కార్తీక పౌర్ణమి దాకా ఏదో ఒక మూల కాలుస్తూనే ఉంటారు కాబట్టి ఈ కొన్నాళ్లూ సాయంత్రం చీకటి పడకముందే ఒకసారి తీసుకెళ్లు. గేటు వైపు కాకుండా బిల్డింగ్ వెనక ఎక్కడైనా సద్దుమణిగిన చోటు చూడు. మెడపట్టీ వదులుగా ఉండకూడదు, బెదిరిన కుక్క వెనక్కి లాగి తల తప్పించుకుని పారిపోతుంది. లిఫ్టులో, మెట్ల మీద ఎత్తుకునే తీసుకెళ్లు. నడిపిస్తే నాలుగో అంతస్తు నుంచి గడ్డి చేరేలోపే దారిలో అయిపోతుంది. లిఫ్టులో కుక్కని ఎక్కించొద్దని మీ అసోసియేషన్ వాళ్లు అన్నారన్నావు. అలా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లోనే ఉంది, వాళ్లకి మర్యాదగా అది చూపించు. నువ్వు మాత్రం వాడు రెంటికి పోయిన ప్రతిసారీ కవరుతో ఎత్తి చెత్తడబ్బాలో వెయ్యి, ఎవరూ నోరెత్తరు.

ఇంకో మాట చెప్పాలి, అల్లుడుగారు నొచ్చుకోకుండా నువ్వే చెప్పు. పోసిన చోటికి లాక్కెళ్లి ముక్కు రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల మేలు జరగదు సరికదా, ఉన్న తిప్పలకి ఇంకొన్ని తోడవుతాయి. అరగంట క్రితం పోసినదానికి ఇప్పుడు తిడితే, దేనికి తిడుతున్నారో వాడికి ముడిపడదు. మనుషులు చూస్తుండగా పోస్తే ప్రమాదం అనే వాడికి అర్థమవుతుంది. ఇక ఆ తర్వాత మంచాల కింద, తలుపుల వెనక నక్కి పోస్తాడు. మీ అత్తగారి మంచం కిందికి చేరడానికి కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. పైగా బయట నువ్వు పట్టీ పట్టుకుని పక్కనే నిలబడితే, నీ ఎదురుగా పోయడానికీ జంకుతాడు. తల వంచుకుని, తోక ముడుచుకుని "తప్పు చేశానని తెలుసు" అన్నట్టు ముఖం పెడతాడన్నావు. అది తప్పు ఒప్పుకోవడం కాదమ్మా, మీ గొంతు పెరిగేసరికి వచ్చిన భయం. పోస్తుండగా నీ కంట పడితే "ఆఁ" అని ఒక్క చప్పుడు చేసి, ఎత్తుకుని బయటికి పరుగెత్తు. అక్కడ మిగతాది పోస్తే మెచ్చుకో. అయిపోయాక చూస్తే మాత్రం మాట్లాడకుండా తుడిచెయ్యి.

తుడవడంలోనే చాలామంది దెబ్బతింటారు. పనమ్మాయి ఫినాయిల్ పోసి తుడిస్తే మన ముక్కుకి శుభ్రమైనట్టుంటుంది, వాడి ముక్కుకి అడుగున పాత వాసన అలాగే ఉంటుంది, "ఇదే నా చోటు" అనుకుంటాడు. పైగా ఆ ఫినాయిల్ పాదాలకు అంటితే నాకుతాడు, అది కడుపులోకి పోకూడదు. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రం మీద పడితే ఘాటైన విషవాయువు లేస్తుంది. ముందు పాత గుడ్డతోనో పేపరుతోనో అద్ది తడి అంతా పీల్చెయ్యి, రుద్దితే ఇంకా పాకుతుంది. ఆ తర్వాత పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, దాని మీద రాసినంతసేపు తడిగా ఉండనిచ్చి తుడువు. అది దొరికేదాకా వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి వాడు, కానీ పాలరాయి మీద వెనిగర్ పోస్తే మెరుపు పోతుంది, మామూలు టైల్స్ మీదే వాడు. టైల్స్ మధ్య సందుల్లోకి దిగిందే అసలు చిక్కు. అక్కడ పాత టూత్‌బ్రష్‌తో తోముతూ క్లీనర్ దించాలి. ముసురు పట్టిన రోజుల్లో పాత వాసన మళ్లీ పైకి రావడం ఇందువల్లే.

సోఫా పక్కనున్న ఆ మెత్తటి కార్పెట్, బాత్రూం ముందు కాలిపట్టాలు అన్నీ ఒక నెల చుట్టి అటక మీద పెట్టెయ్యి. వాక్సిన్లు పూర్తయ్యేదాకా మీరు వాడిని బాల్కనీలో ప్యాడ్ మీద పోయించారు. పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు భయానికి అదే సరైన పని. అయితే మూడు నెలల లోపు ఏ నేల మీద అలవాటైందో పాదాలు అదే వెతుక్కుంటాయి, మెత్తగా తడి పీల్చేది ఏది కనబడినా వాడికి ప్యాడే. ఇప్పుడు గడ్డి అలవాటు కావాలంటే ప్యాడ్ ముక్క ఒకటి, వాడే పోసినది, రెండు మూడు రోజులు కింద గడ్డి మీద పరిచి చూడు. ఆ వాసనకి తొందరగా కూర్చుంటాడు. తర్వాత ఆ ముక్క చిన్నది చేస్తూ తీసెయ్యి.

ఇప్పుడు అసలు పని. మూడు వారాలు బాగున్నాడని ఇల్లంతా తిరగనిచ్చారు, అక్కడ కాస్త తొందరపడ్డారు. ఇప్పుడు మళ్లీ మొదటి వారంలా చెయ్యండి. నువ్వు ఇంట్లో ఉన్నంతసేపు పొడవు పట్టీ నడుముకి కట్టుకో, వాడు నీ కంటి ముందే ఉంటాడు. వంట చేసేటప్పుడో, ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడో చిన్న బోనులో పడుకోబెట్టు. వాడు లేచి నిలబడి ఒక చుట్టు తిరగడానికి చాలినంతే ఉండాలి. పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తాడు. వీడు షాపు నుంచి వచ్చిన పిల్ల కదా, ఎనిమిది వారాల దాకా పడుకున్న బోనులోనే పోసుకుంటూ పెరిగి ఉంటే పక్క తడపకూడదన్న సహజమైన రోత కొంత పోయి ఉంటుంది. బోనులోనూ పోస్తే తిట్టకు, పక్క గుడ్డ తీసేసి, బయటికి తీసుకెళ్లే వ్యవధి తగ్గించు. గంటల తరబడి బోనులో ఉంచేయడం మాత్రం వద్దు.

ఎన్ని గంటలకొకసారి అని అడిగావు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలడని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్క ల్యాబ్రడార్‌కి సరిపోతుందేమో, నాలుగు కిలోలు కూడా లేని పిల్లకి కాదు. పగలు రెండు గంటలకొకసారి తీసుకెళ్లు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటలోపు, ఆట ముగియగానే తప్పనిసరి. ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా ఆగి, ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతున్నాడంటే చెప్పులు కూడా వేసుకోకుండా ఎత్తుకెళ్లు. రాత్రి భోజనం ఏడింటికల్లా అయిపోనీ, పడుకునే ముందు పదకొండింటికి చివరిసారి. మంచినీళ్లు మాత్రం ఆపకు. పగలంతా గిన్నె నిండుగా ఉండాలి. తిండి తగ్గించి చూద్దామని ఎవరైనా అంటే వినకు. ఇంత చిన్న పిల్లలకి ఆకలితో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

బయట ఒకే చోట నిలబడు, "సుస్సు" అనో ఇంకోటో ఒకే మాట, ఇంట్లో అందరూ అదే అనాలి. పోయడం పూర్తి కాగానే, అక్కడే, రెండు సెకన్లలో ఉడికించిన చికెన్ ముక్క గోరంత నోట్లో పెట్టు. ఇంటికొచ్చి పెడితే తలుపు దాటినందుకు అనుకుంటాడు. ఇంకోటి, పోయగానే వెనక్కి తెచ్చేస్తే, పోస్తే షికారు అయిపోతుందని నేర్చుకుని ఆపుకుంటాడు. పోశాకే షికారు మొదలవ్వాలి. ఐదు నిమిషాల్లో పోయకపోతే పైకి తెచ్చి పట్టీ విప్పకుండా పక్కన ఉంచుకుని పావుగంటకి మళ్లీ దింపు. ఆ పావుగంటలో నేల మీద వదిలేయకపోవడమే కీలకం.

తోక కింద, పొట్ట కింద జుట్టు ఒకసారి చూడు. షిట్జులకి అక్కడ జుట్టు ఉండలు కట్టి, పోయినప్పుడల్లా లాగి నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టిన చోటికి మళ్లీ వెళ్లాలంటే మొరాయిస్తారు. కత్తిరించి పొట్టిగా ఉంచు.

అల్లుడుగారు ఆఫీసు నుంచి రాగానే గుమ్మం దగ్గర నాలుగు చుక్కలు వదులుతాడన్నది వేరే సంగతి. అది సంతోషం పట్టలేక జారేది, వాడి చేతిలో లేదు. లోపలికి రాగానే పైకి వంగి ముద్దు చేయకుండా, కాసేపు పట్టించుకోకుండా ఉండి, వాడు నెమ్మదించాక కింద కూర్చుని పక్క నుంచి నిమరమను. ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. ఇంకో నెల రెండు నెలల్లో కాలెత్తి కుర్చీ కోళ్ల మీద కొంచెం కొంచెం చల్లడం మొదలుపెడితే అది మగపిల్లల హద్దుల గుర్తు. అప్పుడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడు, కానీ అలవాటు పడకముందే ఆపాలి.

మీ అత్తగారి గది తలుపు వేసి ఉంచండి, ఆవిడకి పూజ, మడి ఉంటాయి కదా. ఆవిడ మనసు కష్టపెట్టి కుక్కని పెంచుకోలేం. రోజూ సాయంత్రం చికెన్ ముక్క బదులు క్యారెట్ ముక్క ఆవిడ చేతులతోనే వాడికి పెట్టించు, ఆవిడకీ వాడి మీద ప్రేమ కలుగుతుంది.

సంక్రాంతికి వాడినీ తీసుకుని రండి. కొత్త ఇంట్లో కుక్కపిల్లలు ఒకటి రెండు రోజులు తప్పుతారు కాబట్టి వాడి బోను, పక్క గుడ్డ, ఆ క్లీనర్ సీసా వెంట తెచ్చుకో. కారు దిగగానే లోపలికి తేకుండా ముందు పెరట్లోకి తీసుకెళ్లు, నేను అక్కడే ఉంటాను. మూత్రం రిపోర్టు వచ్చిన రోజే నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ