ముందు ఒక్క చిన్న బొంత పూర్తి చెయ్యి

అమ్ములూ,

సంక్రాంతిలోగా నలుగురికి బొంతలు కుట్టి ఇస్తానని మాట ఇచ్చేశావట, మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ చేత్తో నాలుగు కుట్టడం అయ్యే పని కాదు. ముగ్గురికి వచ్చే ఏడాదని ఇప్పుడే చెప్పెయ్. నెలలు నిండిన నీ స్నేహితురాలికి మాత్రం గజం పొడవు, గజం వెడల్పుతో ఒకటి మొదలుపెట్టు. సగంలో ఆగి బీరువా పైకెక్కే బొంతలన్నీ డబుల్ కాట్ సైజువే.

పాతచీరతో కుట్టింది ఇస్తే ఏమనుకుంటారో అని సందేహించకు. పుట్టిన బిడ్డకు మన ఇళ్ళల్లో మెత్తటి పాతబట్టే వాడతాం. అయినా ఒకమాట అడుగు, కొందరికి పట్టింపులుంటాయి. వాళ్ళమ్మ కట్టిన చీర ఒకటి అడిగి తెచ్చుకుంటే మరీ మంచిది.

నేతచీరలే తీసుకో. గంజి పూర్తిగా పోయేదాకా ఉతుకు. ఎర్రచీరైతే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడు, రంగు అంటితే పక్కన పెట్టెయ్. లోపల దూది, పాలిస్టర్ షీటు ఏమీ వద్దు. మన హైదరాబాద్ చలికి పెద్దవాళ్ళకైనా నాలుగు పొరలు చాలు. అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే రెండు పొరలు, అంటే రెండు చీరలకు సింగిల్ కాట్ బొంత వచ్చేస్తుంది. పసిబిడ్డకు మూడు పొరలు వెయ్యి. అదీ మెలకువగా ఉన్నప్పుడు కింద వేసి ఆడించడానికే. ఏడాది నిండేదాకా నిద్రలో కప్పొద్దని వాళ్ళకు చెప్పు. అద్దాలు, గుండీలు, గీరుకునే జరీ అంచు వద్దు.

పొరలు పరిచేటప్పుడు మాత్రం తొందరపడకు. ఊడ్చి తుడిచిన గచ్చు మీద ఒక్కో పొరా వేసి, అరచేత్తో మధ్యనుంచి బయటికి నిమురు. మూలల మీద పప్పు డబ్బాలు పెట్టు, ఫ్యాను ఆపు. తర్వాత మధ్యనుంచే అంచులవైపు జానెడు దూరంలో టాకాలు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పెద్ద కుట్లు, వేసుకుంటూ పో. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకి చేరి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఇక పోదు.

ఇక అసలు కుట్టుకి ఎంబ్రాయిడరీ దారం. అందులో ఆరు పోగులుంటాయి, మూడు చాలు. మోచెయ్యంత పొడవే కత్తిరించుకో, ఎక్కువైతే చిక్కుపడుతుంది. డబ్బనం వద్దు, పెద్ద రంధ్రాలు పడతాయి. ముడిని చిన్నగా లాగి పొరల మధ్యకు దాచు. వరసకీ వరసకీ రెండు వేళ్ళ సందు. కుట్లు ఇంచుమించు సమానంగా ఉంటే సరి, స్కేలు పెట్టి కొలిచే టెన్షన్ నీకొద్దు. యూట్యూబ్‌లో చూపించేంత ఒద్దిక ఎవరికీ రాదు!

కుట్టడమంతా అయ్యాకే అంచులు కత్తిరించు, కుడుతుంటే పొరలు కొంచెం జరుగుతాయి. అంచుకి వేసే రెండున్నర అంగుళాల వెడల్పు గుడ్డ పట్టీని నిలువునా సగానికి మడిచి, ముందువైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చెయ్యి. చాలామంది ఈ అంచు దగ్గరే ఆగిపోతారు. కాబట్టి పట్టీలు మొదటిరోజే కోసి, ఇస్త్రీ చేసి చుట్టి పెట్టుకో.

ఇచ్చేముందు ఒకసారి ఉతికి నీడలో ఆరబెట్టు. ఎలా ఉతకాలో చీటీ రాసి పెట్టు, లేకపోతే దాచుకుంటారు తప్ప వాడరు. మూలల దగ్గర పట్టీ మడవడం ఫోన్లో చెబితే అర్థం కాదు. అక్కడిదాకా వచ్చాక బొంత పట్టుకుని ఒక ఆదివారం మల్కాజిగిరి రా.

మీ అత్తయ్య