కాన్పూరు వెళ్తున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

చక్కెర మీద రీసెర్చికి కాన్పూరు నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ వెంటనే మజ్జిగౌరమ్మకు కొబ్బరికాయ కొట్టడానికి బయల్దేరింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన రాయగడ ఇళ్లలోంచి మగపిల్లలు మిల్లుకెళ్లడమే చూసినవాణ్ణి. గర్వం, టెన్షన్ రెండూను.

స్వెట్టర్లు పట్టుకెళ్లు, అక్కడ క్రషింగ్ సీజనంటే చలికాలమే. రీడింగులు పెన్నుతోనే రాయి. పోల్ (రసంలో చక్కెర పాలు) చూసేముందు రసాన్ని తేర్చే లెడ్ సబ్‌ఎసిటేట్ విషం. ఆ చేతులతో ముఢీ (మరమరాలు) తిన్నావంటే ఊరుకోను. నేను తిన్నాను కాబట్టే చెబుతున్నా.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా తెలీదు.

నాకు ఇరవై ఆరేళ్లు, ఒక మిల్లులో షిఫ్ట్ కెమిస్టుని. మిల్లు ఆగిపోయి చెరకు బళ్లు మూడు రోజులు యార్డులోనే ఉండిపోయాయి. మళ్లీ నడిచాక, రసం కాంతిని ఎంత తిప్పుతుందో చూసి చక్కెర లెక్క చెప్పే నా పోలరీమీటరులో రీడింగు బాగానే వచ్చింది. రాత్రి రెండింటికి, పైన ప్యాన్ అనే పెద్ద పాత్రలో రసం ఉడికించి గింజ కట్టించే ప్యాన్‌మన్ దాదా గాజు పలక మీద ఒక పాకం చుక్క వేసుకుని ల్యాబ్‌కి దిగొచ్చాడు. బల్బుకి ఎదురుగా పట్టి, "చూడు బాబూ, గింజ సూదిలా సాగుతోంది. రసం చెడింది" అన్నాడు. వేళ్ల మధ్య నొక్కి లాగితే మామూలుకన్నా పొడుగ్గా తీగ సాగింది. నేను రిజిస్టరు చూపించి, "ప్యూరిటీ బాగుంది, నీ వంటే బాలేదు" అన్నాను. పొగరు కాకపోతే ఏమిటి!

కోసిన చెరకు 24 గంటల్లో ఆడేయాలి. లేకపోతే ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా చక్కెరని డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మార్చేస్తుంది. చక్కెర లాగే అదీ కాంతిని కుడివైపుకే తిప్పుతుంది, పైగా దాదాపు మూడు రెట్లు. పోలరీమీటరుకి తేడా ఏం తెలుస్తుంది? పోయిన చక్కెర కూడా ఉన్నట్టే చూపిస్తుంది. దాదా వేళ్లకి తెలిసిపోయింది.

గిర్రున తిప్పి గింజనీ మడ్డినీ విడదీసే సెంట్రిఫ్యూగల్‌లో మొలాసిస్ (ఆ మడ్డి) వదల్లేదు, దిగుబడి పడిపోయింది. మెమో ఎవరికిచ్చారనుకున్నావు? దాదాకి. నా రిజిస్టరే సాక్ష్యం. డెక్స్‌ట్రాన్ సంగతి వారం తిరక్కుండానే ఒక పుస్తకంలో చదివాను. అయినా ప్రొబేషన్ పోతుందని నోరు మెదపలేదు.

చాలా ఏళ్లకి గుణుపూర్‌లో ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను. "ఆ రాత్రే తెలుసు కదా బాబూ" అని టీ పెట్టించాడు. ఆ టీ గొంతు దిగలేదమ్మా.

శాంపిల్ కోసం ఏ మిల్లుకెళ్లినా ముందు ప్యాన్ ఫ్లోర్ ఎక్కు. మెట్లు నిటారుగా, జిగురుగా ఉంటాయి. చున్నీ ముడేసుకో. పైన ఉన్నాయన్ని వాళ్ల ఊళ్లో ఏమని పిలుస్తారో కనుక్కుని, అలాగే పిలువు.

పెద్దమ్మ అరిసెలు మూట కడుతోంది. చేరగానే ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న