ఇద్దరబ్బాయిల, ఇద్దరమ్మాయిల ప్రేమకథల యానిమే: దేనితో మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

ప్రశ్న ఇది: జపాన్ యానిమేలో స్వలింగ ప్రేమకథలు చాలా ఉన్నాయంటున్నారు, వాటిలో నిజంగా మనసులో నిలిచిపోయేవి ఏవి, కొత్తగా చూసేవాళ్లు ఏది ముందు చూడాలి?

అబ్బాయిల కథ కావాలంటే 'గివెన్'తో, అమ్మాయిల కథ కావాలంటే 'బ్లూమ్ ఇంటూ యూ'తో మొదలుపెట్టండి. ముద్దు సీను ఉందా, చివరికి ఒకటయ్యారా అని చూసుకుని ఎంచుకుంటే మంచివాటిలో సగం చేజారిపోతాయి. నేను చూసేది వేరే. ఆ ఇద్దరూ కలిసి చేసే పని ఏమిటి, ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమ వల్ల ఆ పని మారిందా? పాట పాడే తీరు మారాలి, లేదా స్కేటింగ్ మారాలి, లేదా వేస్తున్న నాటకం ముగింపు మారాలి. ఏళ్లు గడిచినా మర్చిపోలేని కథలన్నిటిలోనూ ఇది కనిపిస్తుంది.

'గివెన్' 2019 జులై నుంచి సెప్టెంబర్ దాకా ఫుజి టీవీలో రాత్రిపూట యానిమేలు వేసే నోయితామినా స్లాట్‌లో వచ్చింది. 11 ఎపిసోడ్లు, మొత్తం నాలుగు గంటలు. నత్సుకి కిజు మాంగాని (జపాన్ బొమ్మల కథని) లెర్షె స్టూడియో తీసింది. ఆ స్లాట్‌లో బీఎల్ (అబ్బాయిల ప్రేమకథ) మాంగా సిరీస్‌గా రావడం అదే మొదటిసారి. బడి మెట్ల మీద పడుకునే ఉయెనోయామాకి, తెగిన తీగలున్న గిటార్‌ని గుండెకి హత్తుకుని కూర్చున్న మఫుయు కనిపిస్తాడు. ఉయెనోయామా తీగలు మార్చి ఇస్తాడు. అక్కణ్ణించి కథంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: ఇంత బాగా పాడే మఫుయు పాటకి మాటలు ఎందుకు రాయలేకపోతున్నాడు? ఆ గిటార్ అతని మొదటి ప్రేమికుడు యుకిది. యుకి ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ సంగతి ముందే చెప్పడం వల్ల కథ చెడదు. పైగా ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు తెలుసుకుని చూడటం అవసరం.

తొమ్మిదో ఎపిసోడ్ చూసేటప్పుడు ఒక పని తప్పనిసరిగా చేయండి. పాటల సాహిత్యం కూడా అనువదించే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. లైవ్ షోలో మఫుయు నోట్లోంచి మాటలు బయటపడే 'ఫుయు నో హనాషి' పాటే అక్కడ సన్నివేశం. కొన్ని కాపీల్లో డైలాగులకే సబ్‌టైటిల్స్ ఉంటాయి, పాట మొదలవగానే ఆగిపోతాయి. అలా చూసినవాళ్లకి ఎవరో కుర్రాడు బాగా పాడాడు అనిపిస్తుంది, అంతే. ఆ మాటల్లో అతను యుకికి వీడ్కోలు చెబుతున్నాడు. ఆ వీడ్కోలు పూర్తయ్యాకే ఉయెనోయామాకి చోటు దొరుకుతుంది. స్టేజి వెనక ముద్దు ఆ తర్వాతిది, పాట అర్థమైతేనే దానికి బరువు.

దీని తర్వాత చూడాల్సిన వరుస చాలామంది తప్పుతారు. సిరీస్ అయ్యాక 2020 సినిమా, తర్వాత 2024 జనవరిలో వచ్చిన 'హీరగి మిక్స్', చివర అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన 'టు ద సీ'. మఫుయు, ఉయెనోయామాల కథ ముగిసేది ఆఖరి సినిమాలో. 2020 సినిమా ఉయెనోయామా బ్యాండ్‌లోని పెద్దవాళ్లు హరుకి, అకిహికోలది. అందులో అకిహికో బలవంతం చేసే సన్నివేశం ఒకటుంది, సిద్ధపడి చూడండి. దాన్ని సినిమా తేలిగ్గా తీసుకోదు, కానీ చూడటం కష్టమే.

ఇక్కడ భాష గురించి కాస్త ఆగాలి. మనవాళ్లు ఎక్కువమంది ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తోనే చూస్తారు, అందులో పోయేది చాలా ఉంది. జపనీస్‌లో 'సుకి' అనే మాట ఉంది. ఇంగ్లిష్ అనువాదకులు దానికి ఒకచోట 'లైక్' అని, ఇంకోచోట 'లవ్' అని రాస్తారు. అలా రాయగానే ఆ మాటలోని మసక పోతుంది. తెలుగులో మనకి ఆ బాధ లేదు. 'నువ్వంటే నాకిష్టం' అన్నది స్నేహితురాలితోనూ అనొచ్చు, ప్రాణంగా ప్రేమించిన మనిషితోనూ అనొచ్చు. వినేవాళ్లే ఏదో తేల్చుకోవాలి. 'సుకి' వినపడ్డ ప్రతిసారీ మనసులో 'ఇష్టం' అని వేసుకోండి, చాలా సీన్లు మారిపోతాయి. ఎదురుగా నిలబడి 'అయిషితెరు' (నిన్ను ప్రేమిస్తున్నాను) అనడం వీటిలో అరుదు.

రెండోది పిలుపు. ఇంటిపేరు నుంచి పేరుకి రావడం అక్కడ పెద్ద అడుగు. మనం 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగినట్టు. ఉయెనోయామా 'సతో' అన్న ఇంటిపేరుతో పిలవడం మాని 'మఫుయు' అంటాడు, మఫుయు మాత్రం 'ఉయెనోయామా-కున్' దగ్గరే ఉంటాడు. సబ్‌టైటిల్‌లో రెండుచోట్లా ఒకే పేరు వేసేస్తే ఈ తేడా కళ్లకి కనపడదు. అందుకే ఆడియో జపనీస్‌లోనే ఉంచి పేర్ల మీద చెవి పెట్టండి.

'బ్లూమ్ ఇంటూ యూ'కి ఈ రెండూ ప్రాణం. నియో నకతాని మాంగా, 8 సంపుటాలు. ట్రాయ్కా స్టూడియో 2018 అక్టోబర్‌లో మొదలుపెట్టి 13 ఎపిసోడ్లు తీసింది. ప్రేమ పాటల్లో చెప్పే గుండెదడ తనకి ఎప్పుడూ రాలేదని బాధపడే అమ్మాయి యూ. ఆమెని ఇష్టపడే సీనియర్ తోకో. ఇందులోని చిక్కుముడి మామూలుది కాదు. యూ ఎవరినీ ప్రేమించలేదు కాబట్టే తోకోకి ఆమె ఇష్టం. తిరిగి ప్రేమించడం మొదలుపెడితే ఈ బంధం తెగిపోతుంది. తోకోకి తనంటే తనకే అసహ్యం, చనిపోయిన అక్కలా ఉండాలని బతుకుతోంది. తనకే నచ్చని తనని ఇంకొకరు ఇష్టపడితే భరించలేదు. ఆరో ఎపిసోడ్‌లో నదిలోని రాళ్ల మీద నిలబడి ఇద్దరూ మాట్లాడుకునే సీన్ ఈ సిరీస్‌కి గుండెకాయ. నీళ్లకి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు, మధ్యలో దాటాల్సిన రాళ్లు. యూ ఆ క్షణంలో తన మనసు తెలుసుకుంటూనే, నేను మారనని మాటిస్తుంది. ఆ అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతులో తేడా వినండి.

ఇక్కడ పని ఏమిటంటే విద్యార్థి సంఘం వేసే నాటకం. జ్ఞాపకం పోయిన అమ్మాయి ఎవరిలా బతకాలి అన్నది దాని కథ. రాసేది యూ స్నేహితురాలు కొయోమి. ముగింపు మార్చమని యూ పట్టుబట్టడమే ఆమె ప్రేమ ప్రకటన. ఐ లవ్ యూ అనలేని చోట స్క్రిప్ట్‌లో చివరి సీన్ మార్పించింది. ఇంతకన్నా అందంగా చెప్పిన ప్రేమ ఈ జానర్‌లో నాకు కనపడలేదు.

అయితే యానిమే ఆ నాటకం వేయకముందే ఆగిపోతుంది. పదమూడో ఎపిసోడ్ చూసి ఇదేం ముగింపు అని తిట్టుకునేవాళ్లు ఎక్కువ. ఐదో సంపుటం నుంచి మాంగా చదవండి, ఎనిమిదితో కథ పూర్తిగా, తృప్తిగా ముగుస్తుంది. తోకోని ప్రేమించి ఒంటరిగా మిగిలిపోయే స్నేహితురాలు సయకా మీద మనసు పడితే ఆమె కథతో హితోమా ఇరుమా రాసిన మూడు నవలలున్నాయి. ఇంకో మాట: కాఫీ షాపు నడిపే మియాకో, టీచర్ రికో కలిసి బతికే జంట. బడి ప్రేమలు బడితోనే పోతాయి అనే పాత ధోరణికి ఆ ఇద్దరు పెద్దవాళ్లే జవాబు.

'యూరి ఆన్ ఐస్' 2016 అక్టోబర్–డిసెంబర్, మప్పా స్టూడియో, 12 ఎపిసోడ్లు. దర్శకురాలు సయో యమమోతో, కథ మిత్సురో కుబోది. స్కేటింగ్ కొరియోగ్రఫీ కెంజి మియమోతో చేశాడు, అందుకే ప్రతి ప్రోగ్రామ్‌కీ వేరే ఒళ్లు, వేరే మనసు ఉంటాయి. గ్రాండ్ ప్రి ఫైనల్‌లో ఆఖరి స్థానంలో ఓడిపోయిన 23 ఏళ్ల యూరి, అతనికి కోచ్‌గా వచ్చే ప్రపంచ ఛాంపియన్ విక్టర్. ఏడో ఎపిసోడ్ ముద్దుని విక్టర్ చెయ్యి కప్పేస్తుంది. అది ముద్దా కాదా అని జనం ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదన పక్కన పెట్టి దానికి ముందు నిమిషం చూడండి. ఫ్రీ ప్రోగ్రామ్ చివర, కాళ్లలో శక్తి అయిపోయాక, యూరి విక్టర్ పేరుపడ్డ క్వాడ్ ఫ్లిప్ (గాల్లో నాలుగు చుట్లు తిరిగే దూకు) వేస్తాడు. పడిపోతాడు. విక్టర్‌కి అందిన ఉత్తరం ఆ దూకు.

పదో ఎపిసోడ్‌లో బార్సిలోనాలో చర్చి ముందు బంగారు ఉంగరాలు మార్చుకుంటారు, కుడి చేతికి. రష్యాలో పెళ్లి ఉంగరం పెట్టుకునేది కుడి చేతికే, ఇది తెలియక చాలామంది స్నేహం ఉంగరం అనేసుకుంటారు. ఆ ఎపిసోడ్ చివరి టైటిల్స్ దాటేయకండి, మొదటి ఎపిసోడ్ నుంచి మనం నమ్మిన కథ అక్కడ తలకిందులవుతుంది. అది చూశాక మళ్లీ మొదటినుంచి చూస్తే విక్టర్ ప్రతి మాటా వేరేగా వినపడుతుంది. రాబోతోందన్న సినిమా 2024 ఏప్రిల్‌లో రద్దయింది కాబట్టి దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. పన్నెండో ఎపిసోడ్‌లో ఇద్దరూ కలిసి చేసే జంట స్కేటింగే ముగింపు.

ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంటే 'దోక్యూసెయ్' చూడండి, 2016 సినిమా, గంట నిడివి. కోరస్ పోటీకి అందరూ పాడుతుంటే నోరు మెదపని సజోని చూసి కుసకబే ముందు అపార్థం చేసుకుంటాడు, తర్వాత అతను ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తుంటే చూసి నేర్పిస్తానంటాడు. నీటిరంగులు అద్దినట్టుండే బొమ్మలు, కొతారో ఓషియో గిటార్. విద్యార్థి మీద మనసుపడే టీచర్ ఒకడున్నాడు, ఆ భాగం ఇబ్బందిపెడుతుంది. ఏ ముల్లూ లేనిది కావాలంటే 2018లో వచ్చిన 'కసె-సాన్', 58 నిమిషాలు: బడిలో మొక్కలు పెంచే యమదా, పరుగుపందేల కసె.

'బనానా ఫిష్'ని ప్రేమకథ అని చెప్పి ఎవరికీ సిఫారసు చేయకండి. 24 ఎపిసోడ్లు, గొప్ప కథ, యాష్, ఎయిజిల అనుబంధం మర్చిపోలేనిది. కానీ అందులో పిల్లల మీద లైంగిక హింస కథకి మూలం, హింస ఆగదు. ఆ మాట చెప్పకుండా ఇవ్వడం తప్పు. పాత బీఎల్ సిరీస్‌లు కొన్నింటిలో ఇంకో చిక్కు: వద్దన్నవాణ్ణి పట్టుకోవడమే ప్రేమగా చూపిస్తాయి. మొదటి ఎపిసోడ్‌లోనే అది కనిపిస్తే ముందుకెళ్తే బాగుపడుతుందని ఆశ పెట్టుకోకండి, సాధారణంగా బాగుపడదు.

డబ్బింగ్ విషయంలోనూ జాగ్రత్త. 'సెయిలర్ మూన్ ఎస్'లో హరుక, మిచిరు ప్రేమికులు. పాత ఇంగ్లిష్ డబ్బింగ్‌లో వాళ్లని కజిన్స్ చేసేశారు, చేతులు పట్టుకుని కళ్లలోకి చూసుకునే సీన్లు మాత్రం అలాగే ఉంచారు. దాంతో సంబంధం మరింత విచిత్రంగా తయారైంది. ఫైట్ల యానిమేలు ఇప్పుడు తెలుగులోనూ వస్తున్నాయి, సంతోషమే. ఈ తరహా కథలు మాత్రం మూలం ఆడియోతోనే చూడండి.

రోబోల కథలు ఇష్టపడేవాళ్లకి 'గుండం: ద విచ్ ఫ్రమ్ మెర్క్యురీ', 2022–23, 24 ఎపిసోడ్లు. 'ప్రోలాగ్' ముందు చూడాలి, లేకపోతే కథానాయిక సులెట్టా తల్లి ఏం చేస్తోందో అర్థం కాదు. తోటి విద్యార్థిని మియోరినెతో పెళ్లి కుదరగానే, ఇద్దరం అమ్మాయిలం కదా అని సులెట్టా కంగారుపడితే, మీ బుధగ్రహం వాళ్లు మరీ ఛాందసం అన్నట్టు మియోరినె కొట్టిపారేస్తుంది. ఆ మాట మొదటి ఎపిసోడ్‌లోనే పడటం బాగుంది.

చివరికి ఉంచింది 'లిజ్ అండ్ ద బ్లూ బర్డ్'. నవోకో యమదా దర్శకత్వం, క్యోటో యానిమేషన్, 2018, గంటన్నర. ఇది బడి బ్యాండు మీద నడిచే 'సౌండ్! యుఫోనియం' సిరీస్‌కి పక్క కథ. దాని రెండో సీజన్ తొలి నాలుగు ఎపిసోడ్లు చూసి వస్తే మిజోరే, నొజోమి ఎందుకు దూరమయ్యారో తెలుస్తుంది, చూడకపోయినా సినిమా నిలబడుతుంది. మిజోరేది ఓబో అనే ఊదే వాయిద్యం, నొజోమిది ఫ్లూట్. మిజోరేకి నొజోమి తప్ప లోకం లేదు. ప్రేమ అని సినిమా ఎక్కడా పేరు పెట్టదు, కాబట్టి ఈ జాబితాలో ఎందుకని అడగొచ్చు. కౌగిలించుకునే సీన్ చూడండి. నొజోమి నవ్వు, మాట, అడుగుల చప్పుడు, జుట్టు, అన్నీ ఇష్టం అని మిజోరే ఒక్కొక్కటీ చెబుతుంది. నొజోమి ఇచ్చే జవాబు: నాకు నీ ఓబో ఇష్టం. ఒకే 'ఇష్టం', రెండు వేర్వేరు బరువులు.

దీన్ని ఫోన్ స్పీకర్ మీద చూడకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట్లో ఇద్దరూ బడి మెట్లెక్కి వెళ్తుంటే అడుగుల చప్పుళ్లు కలవవు, సంగీతం ఆ చప్పుళ్ల మీదే కట్టారు. బ్యాండు వాయించే సంగీతం, లిజ్ అనే అమ్మాయి తన నీలి పిట్టని వదిలిపెట్టే కథ మీద కట్టింది. దాని మూడో భాగం వాయించేటప్పుడు మిజోరే తన శక్తినంతా వదిలేస్తుంది, ఫ్లూట్ పట్టుకున్న నొజోమి నిలదొక్కుకోలేకపోతుంది. పంజరం తలుపు ఎవరు తెరవాలి, ఎగిరిపోవాల్సింది ఎవరు అన్నది ఆ వాయింపుతో తిరగబడుతుంది. మొదట్లో తెర మీద 'డిస్‌జాయింట్' (విడిపోయిన) అన్న మాట వస్తుంది. ఆఖర్లో అదే మాట మళ్లీ కనిపిస్తుంది, ముందున్న 'డిస్' కొట్టేసి ఉంటుంది. అది కొన్ని క్షణాలే, కాబట్టి చివరి ఫ్రేమ్ దాకా ఆపకండి.