టీం వల్ల మార్కులు తగ్గుతుంటే అమ్మాయిని బయటికి తెచ్చేయాలా?

ప్రశ్న: మాది ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు పెట్టుకున్నాను, నా దగ్గర ఇద్దరు కుడతారు. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. ఈ ఏడాది నుంచి కాలేజీలో కొన్ని సబ్జెక్టులు టీంలుగా చేసి చెబుతున్నారు. ఆరుగురి టీం సారే వేశారు, సెమిస్టర్ అయ్యేదాకా మారదట. ముగ్గురు ఒడియా పిల్లలు, ఇద్దరు బీహార్ అబ్బాయిలు, మా అమ్మాయి. టీంలో అందరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. మా అమ్మాయికి ఒడియా బాగా వచ్చు, హిందీ అంతంత మాత్రం. మిగతావాళ్ళు చదివి రారు. ఇదొక్కతే రాత్రంతా కూర్చుని ప్రాజెక్టు చేసి అందరి పేర్లూ పెడుతుంది. అయినా నిరుటి కంటే మార్కులు తగ్గాయి. టెన్షన్‌తో సరిగా తినడం లేదు. నేను వెళ్ళి సార్‌తో మాట్లాడి టీం నుంచి తీయించనా? రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చూసేది మార్కులే కదా?

జవాబు: అమ్మా, తీయించొద్దు. సార్‌తో మాట్లాడవలసిన మాటలు ఉన్నాయి, కానీ అవి మీ అమ్మాయే మాట్లాడాలి. ఏం అడగాలో కింద రాస్తాను.

మీ ఉత్తరంలో మార్కుల సంగతి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో మాట. రాత్రంతా ఒక్కతే చేసి అందరి పేర్లూ పెడుతుందన్నారు. మీరది అమ్మాయి కష్టంగా చూస్తున్నారు, నిజమే. కానీ క్యాంపస్ ఇంటర్వ్యూలో తరచూ వచ్చే ప్రశ్న ‘ఈ ప్రాజెక్టులో నువ్వేం చేశావు, మిగతావాళ్ళు ఏం చేశారు?’ అనేది. ‘అంతా నేనే చేశాను’ అంటే అవతలివాళ్ళు మెచ్చుకోరు. ‘మరి పని ఎందుకు పంచలేకపోయావు?’ అన్నదే వాళ్ళ తర్వాతి ప్రశ్న. మొదటి వడపోతలో మార్కులు చూస్తారు, కాదనను. అక్కడ దాటాక ఉద్యోగం నిలబడేది మనుషులతో కలిసి పని చేయడం మీదే.

సాఫ్ట్‌వేర్ పని ఎలా జరుగుతుందో మీ షాపునే పెట్టి చెబుతాను. మీరు కొలతలు తీసుకుని పుస్తకంలో రాస్తారు. ఒకరు కత్తిరిస్తారు, ఇంకొకరు కుడతారు. పుస్తకంలో చెయ్యి పొడవు తప్పు పడితే, కుట్టినామె ఎంత పనిమంతురాలైనా జాకెట్టు పాడవుతుంది. కంపెనీలోనూ ఒకరు రాసిన కోడ్ ఇంకొకరి కోడ్‌తో అతకాలి. ఒకరు రాసింది మరొకరు చదివి తప్పులు పట్టాకే లోపలికి తీసుకుంటారు, దాన్ని కోడ్ రివ్యూ అంటారు. చాలాచోట్ల రోజూ ఓ పావుగంట నిలబడే మాట్లాడుకుంటారు: నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగిపోయాం. ఆ మూడో మాట నోరు తెరిచి చెప్పలేక కష్టపడే కొత్త ఉద్యోగులు ఎందరో. చదువు రాక కాదు, ఆగిపోయానని చెప్పడం అలవాటు లేక.

ఇప్పుడు అమ్మాయి కాలేజీ సంగతి. ఆరుగురు, సారే వేసిన టీం, సెమిస్టర్ అంతా అదే టీం అన్నారు గనుక ఇది అమెరికాలోని ఓక్లహోమా యూనివర్సిటీలో లారీ మైకల్సన్ అనే ప్రొఫెసర్ 1970ల చివర్లో మొదలుపెట్టిన ‘టీం బేస్డ్ లెర్నింగ్’ అనే పద్ధతిలా కనిపిస్తోంది. ఆయన క్లాసులో నలభై మంది ఉండేచోట నూట ఇరవై మంది అయ్యారు. అంతమందికి పాఠం చదివి వినిపిస్తే బుర్రకెక్కదని టీంలు చేశారు. పాఠం ఇంటి దగ్గర చదువుకుని రావాలి. క్లాసులో ముందు ఎవరికి వారు ఒక చిన్న పరీక్ష రాస్తారు. వెంటనే అదే పరీక్ష టీం మొత్తం మాట్లాడుకుని మళ్ళీ రాస్తుంది. దీనికి గీకితే జవాబు కనిపించే కార్డులు ఇస్తారు. మొదటి గీకుడుకే సరైనది వస్తే పూర్తి మార్కులు, రెండోసారికి తగ్గుతాయి. ఆ తర్వాత టీంలన్నిటికీ ఒకే సమస్య ఇచ్చి, ఒకే జవాబు ఎంచుకోమని, అందరూ ఒకేసారి చూపించమంటారు. చివర్లో టీంలోని పిల్లలు ఒకరికొకరు మార్కులు వేసుకుంటారు. ఇందులో అందరికీ సమానంగా పంచేయడం ఆయన ఒప్పుకోలేదు. పని చేసినవాళ్ళకు ఎక్కువ, చేయనివాళ్ళకు తక్కువ వేసి తీరాలి.

చూశారా, చదివి రానివాళ్ళ బరువు చదివినవాళ్ళ మీద పడకుండా రెండు ఏర్పాట్లు అందులోనే ఉన్నాయి: ముందు ఒంటరిగా రాసే పరీక్ష, చివర్లో తోటివాళ్ళు వేసే మార్కులు. కొన్ని కాలేజీల్లో ఈ రెండూ వదిలేసి టీంలు మాత్రం వేసేస్తారు. అది పాత గ్రూప్ ప్రాజెక్టే, పేరే కొత్తది. అందుకే అమ్మాయి సార్‌ని మూడు సంగతులు అడగాలి. ఒంటరి పరీక్షకు ఎన్ని మార్కులు, టీం పరీక్షకు ఎన్ని, ప్రాజెక్టుకు ఎన్ని? తోటివాళ్ళు వేసే మార్కులు ఉన్నాయా, ఉంటే సెమిస్టర్ మధ్యలో ఒకసారి వేయిస్తారా? ప్రాజెక్టులో ఎవరు ఏ భాగం చేశారో చూసి మార్కులు ఇస్తారా? ఫిర్యాదులా కాకుండా, తెలుసుకోవడానికి వచ్చినట్టు అడగమనండి. టీంలో ఇంకొకరిని వెంట తీసుకెళ్తే మరీ మంచిది.

ఇంకో సంగతి. మామూలుగా టీం పరీక్షలో మార్కులు, ఆ టీంలో బాగా చదివేవాళ్ళకు ఒంటరిగా వచ్చే మార్కులకంటే ఎక్కువే ఉంటాయి. మీ అమ్మాయికి తగ్గాయంటే నాకొక అనుమానం. ఆమెకు జవాబు తెలిసే ఉంటుంది. మిగతావాళ్ళు హిందీలో గబగబా మాట్లాడుకుని వేరే గడి గీకేస్తుంటే, చెప్పలేక ఊరుకుంటోందేమో. ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. అదే నిజమైతే టీం మారినా ఉపయోగం ఉండదు. రేపు హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఆఫీసులో ఇదే జరుగుతుంది.

దీనికి మందు ఉంది. హిందీ బాగా వచ్చేదాకా ఆగక్కర్లేదు. ‘ఆగండి, నాకు మూడోది అనిపిస్తోంది, ఎందుకంటే’ అనే ఒక్క వాక్యం హిందీలో గట్టిగా నేర్చుకోమనండి. కారణం ఒడియాలో చెప్పినా ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు అందిస్తారు. మీ ఊళ్ళోనే మేష్టారుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. దానికి పుస్తకాలు లేవు. సవరలతో కూర్చుని మాట్లాడే నేర్చుకున్నారు, ఆ తర్వాత ఆయనే వ్యాకరణం, నిఘంటువు రాశారు. సరిహద్దు పిల్లలకు ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకో భాష పుట్టినప్పటినుంచీ అలవాటే. అది లోటని మనమే వాళ్ళ తలకెక్కించాం.

మీ ప్రాంతం పిల్లలకు తెలిసినవి పెద్ద ఊరి పిల్లలకు తెలియవు కూడా. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా ఛిన్నాభిన్నం చేసిందో మీరు చూశారు. వరద కబురు కొండ ఊళ్ళకు ముందే చేరవేయడానికి యాప్ నోటిఫికేషన్ పంపాలా, ఎస్సెమ్మెస్ పంపాలా, వాయిస్ కాల్ చేయాలా అని క్లాసులో అడిగారనుకోండి. ఏ కొండ మీద సిగ్నల్ ఉండదో, చదువు రాని ముసలమ్మకు ఏ భాషలో చెప్పాలో మీ అమ్మాయికి తెలిసినంతగా టీంలో ఎవరికి తెలుసు? ఆ మాట బయటికి వస్తే టీం జవాబే మారిపోతుంది.

పని పంచే విషయానికి వస్తే, ఈ వారం నుంచి రాత్రి ఒక్కతే కూర్చోవడం ఆపేయమనండి. ప్రాజెక్టును ఆరు ముక్కలు చేసి, ఎవరిది ఏ ముక్కో, ఎప్పటికో వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టాలి. కోడ్‌ను గిట్‌లో పెట్టుకోవాలి. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్, వేలమంది కోడ్ ఒకచోట చేర్చడానికి 2005లో చేసిన సాధనం అది. ఏ మార్పు ఏ పేరుతో ఏ రోజు వచ్చిందో అందులో నమోదవుతుంది. సార్‌కు చాడీ చెప్పే పని ఉండదు, ఆయనే తెరిచి చూసుకుంటారు. ఒక ముక్క రాకపోతే రాకపోనివ్వాలి. ఒకసారి మార్కులు పోతాయి, నాకు తెలుసు, మీకు బాధగానే ఉంటుంది. అయినా పోనివ్వండి. రెండో సంవత్సరంలో పోయే ఆ నాలుగు మార్కులు మళ్ళీ వస్తాయి. ఆ చదవని పిల్లల్లో ఒకరిద్దరు నిజంగా అర్థంకాక దాక్కుంటూ ఉండవచ్చు. అమ్మాయి ఓ అరగంట చెబితే వాళ్ళు కదులుతారు, చెప్పడం వల్ల తనకూ పాఠం గట్టిపడుతుంది.

ఇదంతా చేశాక కూడా, మూడు నాలుగు వారాల్లో ఏమీ కదలకపోతే అప్పుడు మీరు వెళ్ళండి, సార్‌తో పాటు హెచ్ఓడీని, అంటే ఆ విభాగం అధిపతిని కూడా కలవండి. అబ్బాయిలు ఎవరైనా తప్పుగా మాట్లాడినా, హేళన చేసినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. అది చదువు సమస్య కాదు. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, నేరుగా అక్కడికే వెళ్ళండి.

టీం కుదురుకుంటే వచ్చే ఏడాది స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు, అంటే కాలేజీ పిల్లల టీంలకు కేంద్ర ప్రభుత్వం పెట్టే పోటీకి, ప్రయత్నించమనండి. దానికి కావలసింది ఆరుగురే, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ముందు కాలేజీలో ఎంపిక పోటీ జరుగుతుంది.

ఇవాళ రాత్రికి మాత్రం అన్నం పెట్టి పడుకోబెట్టండి. ప్రాజెక్టు గురించి అడగొద్దు. రేపు తీరిగ్గా, టీంలో ఆ ఐదుగురి పేర్లూ, ఒక్కొక్కరికి ఏం బాగా వచ్చో చెప్పమనండి. ఎవరి గురించి చెప్పలేకపోతుందో వాళ్ళతోనే క్లాసులో మొదట మాట్లాడమనండి.