ఇరవై మూడో పేజీలో ఆ తడి చేతులు

చిరంజీవికి,

ఆశీస్సులు.

నీ బొమ్మల నవల అంది పదకొండు రోజులైంది. మొదటిసారి చదివి కోపంగా పక్కన పెట్టేశాను. కోపం అరవై ఒకటో పేజీ మీద. జోరువాన, సెల్ టవరు, దాని కొసన నీ హీరో. పిడికిలి బిగించి "దేవుడు లేడు" అని రెండు పేజీల నిండా అరుస్తాడు. ఆ అక్షరాలు ఎంత పెద్దవంటే పాపం వానకే చోటు మిగల్లేదు.

రాత్రి నిద్రపట్టక మళ్లీ తిరగేస్తే ఇరవై మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. తెల్లవారుజామున మూడింటికి ఆ కుర్రాడు ఇంటికొస్తాడు. విశాఖ పోర్టులో క్రేన్ మీద పని, ఒంటినిండా ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము. అందులో దుమ్మెంతో, ఆ రాత్రి తను కొట్టినవాళ్ల నెత్తురెంతో తెలియదు. పంపు దగ్గర చేతులు కడుక్కుంటాడు. వంటింట్లో వాళ్లమ్మ దేవుడి పటాలు పెట్టుకున్న అలమర ఉంది. దాని గడియ దాకా చెయ్యి చాపి, వెనక్కెళ్లి మళ్లీ కడుక్కుంటాడు. మూడోసారి కూడా కడుక్కుని, గడియ ముట్టుకోకుండా నిలబడిపోతాడు. వేళ్ల చివర్ల నుంచి నీళ్లు కారుతుంటాయి. ఒక్క మాట లేదు. నాకు గొంతు పట్టేసింది.

అలాంటి పేజీ గీసినవాడివి, నలభయ్యో పేజీలో ఆ తల్లిని ఎందుకు చంపేశావు?

తల్లిని చంపడం తేలిక నాయనా. చంపేస్తే హీరోకి ఏడవడానికి కారణం దొరుకుతుంది, రచయితకి ఆలోచించే పని తప్పుతుంది. అమెరికన్ కామిక్ డేర్‌డెవిల్ 'బోర్న్ ఎగైన్' చదివాకే ఇది మొదలుపెట్టానని రాశావు కదా. ఆ కథంటే నాకూ ప్రాణం. ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల వాళ్ల దగ్గర ఏడు సంచికల్లో నాలుగు దొరికాయి. మిగతా మూడింటి కోసం ఆరేళ్లు తిరిగాను. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాస్తే డేవిడ్ మాజుకెల్లి బొమ్మలు వేశాడు. నువ్వు అందులోంచి చీకటిని మాత్రం తెచ్చుకున్నావు. అసలు సరుకు అక్కడే వదిలేసి వచ్చావు.

మాట్ మర్డాక్ న్యూయార్క్ లాయరు, కాథలిక్కు, చిన్నప్పుడే చూపు పోయినవాడు. ముసుగేసుకుంటే అతనే డేర్‌డెవిల్. ఒకప్పుడు అతను ప్రేమించిన కేరెన్ పేజ్, ఒక్క మోతాదు మత్తుమందు కోసం, ఆ ముసుగు వెనక ఉన్నది అతనేనన్న రహస్యం అమ్మేస్తుంది. అది చేతులు మారి నేరగాళ్ల నాయకుడు కింగ్‌పిన్‌కి చేరుతుంది. కింగ్‌పిన్ వెంటనే మనుషుల్ని పంపి చంపించడు. పన్నులవాళ్లు ఖాతా బిగించేస్తారు. ఇంటి అప్పు వాయిదాలు అందలేదని బ్యాంకు అంటుంది. ఒక పోలీసు అధికారి అబద్ధపు సాక్ష్యం చెబుతాడు, లాయరు పట్టా పోతుంది. ఆఖరికి ఇల్లు పేలిపోతుంది. కథలో చాలా భాగం అతను ముసుగు లేకుండానే ఉంటాడు. సూపర్‌హీరో కథ రాస్తూ ముసుగే తీసి పక్కన పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు.

ఇక తల్లి సంగతి. ఆ కథలో తల్లి చనిపోదు, దొరుకుతుంది. చావుబతుకుల్లో ఉన్న అతనికి సేవ చేసిన సన్యాసిని, సిస్టర్ మ్యాగీ. "నువ్వు మా అమ్మవా?" అని అడుగుతాడు. కాదంటుంది. కానీ అతని చెవులు గుండె చప్పుడు పట్టుకోగలవు. ఆమె చెప్పింది అబద్ధమని గుండె చెప్పేస్తుంది. ఆ చెవులతో అబద్ధాలు పట్టడమే అతని బతుకు. ఆ చెవులకే, తనకు ఊపిరి పోసే అబద్ధం ఒకటి వినబడింది.

నేను నలభై ఏళ్లుగా చెబుతున్నది ఇదొక్కటే. మనిషి నమ్మకాన్ని పరీక్షించాలంటే ఆ మనిషి చేసే పనిలోనే, వాడి చేతుల్లోనే పరీక్షించాలి. మన కంచెర్ల గోపన్నని చూడు. తాసీల్దారు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ రాముణ్ణి తిట్టాడు. ఎలా తిట్టాడు? లెక్కలు చెప్పి తిట్టాడు. సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము, భరతునకు చేయిస్తి పచ్చల పతకము అంటూ ఒక్కో నగా ఏకరువు పెట్టి, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని నిలదీశాడు. రెవెన్యూ ఉద్యోగి కోపం అలాగే ఉంటుంది. దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా అని ఆ కీర్తనలోనే మళ్లీ బతిమాలుకున్నాడు. దేవుడు లేడనుకున్నవాడు ఇంత సేపు ఎవరితో దెబ్బలాడతాడు?

నీ క్రేన్ కుర్రాడు దేవుడితో ఏ భాషలో పోట్లాడతాడు? ఎంత బరువు ఎత్తితే తాడు తెగుతుందో వాడికి తెలుసు. ఆ మాట వాడి నోట ఒక్కసారైనా రాలేదు. టవరెక్కి సినిమా డైలాగు చెప్పాడు.

నాకూ ఒకప్పుడు అలాంటి తప్పే జరిగింది. ఒక వారపత్రికకి బొమ్మల సీరియల్ రాసేవాణ్ణి. కరెంటు లైన్‌మన్ కథ. ఏటా శ్రీరామనవమికి వాళ్ల ఊరి గుడికి లైట్లు కట్టేది వాడే. కొడుకు పోయిన ఏడు నిచ్చెన తియ్యడు, గుడి చీకటిగా ఉంటుంది. అక్కడితో ఆపాను. ఎడిటరు ఒప్పుకోలేదు, చివరి బొమ్మలో దేవుడు వెలుగుతో ప్రత్యక్షం కావాల్సిందే అన్నాడు. ఆ నెల అద్దె బాకీ ఉంది. సరేనన్నాను. ఆ సంచిక ఈ రోజుకీ నా ఇంట్లో ఉంచుకోలేదు. ఆ లైన్‌మన్‌కి నేను చేసిన ద్రోహం అది.

ఇప్పటి ఎడిటర్లు దేవుణ్ణి చంపి తీసుకురమ్మంటున్నారట. పేజీ ఎంత నల్లగా ఉంటే కథ అంత లోతని లెక్క. 1986లోనే 'డార్క్ నైట్ రిటర్న్స్' వచ్చింది, 'వాచ్‌మెన్' మొదలైంది. అవీ చీకటి నిండిన సూపర్‌హీరో కామిక్సే. వాటి వెనకాల వచ్చినవాళ్లలో ఎక్కువమంది సిరాని చూశారు, మనిషిని చూడలేదు. అప్పటి ఎడిటరుకీ ఇప్పటివాళ్లకీ ఒకటే తొందర, గడియ దగ్గర ఆగిన చెయ్యిని కాసేపు అలా ఉండనివ్వరు. నువ్వైనా ఉండనివ్వు.

అచ్చు ఖర్చు, రంగులు, ఇంగ్లీషులో కూడా వెయ్యాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

నలభయ్యో పేజీ నుంచి ఉన్నదంతా పక్కన పెట్టు. అమ్మని బతికించు. ఇరవై మూడో పేజీ తర్వాత తెల్లారుతుంది కదా, ఆవిడ దీపం పెట్టడానికి లేచి వస్తుంది. అలమర ముందు నేలంతా తడి. ఆ తడిలో ఎర్రటి చార ఉంటుంది. ఆవిడ దాన్ని చూసి ఏమంటుందో, అసలు ఏమైనా అంటుందో లేదో రాసి పంపు. బొమ్మలు వెయ్యకపోయినా ఫరవాలేదు, పెన్సిలు గీతలు చాలు.

ఎదురుచూస్తూ,
మీ మాస్టారు