అల్లూరి విగ్రహం భీమవరంలో ఎందుకు? - మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అల్లూరి సీతారామరాజు పుట్టింది మా వైపు పాండ్రంగిలో, పోరాడింది చింతపల్లి అడవుల్లో, సమాధి కృష్ణదేవిపేటలో. మరి 30 అడుగుల కంచు విగ్రహం తీసుకెళ్ళి భీమవరంలో పెట్టారేంటండీ? అది ఆయన సొంతూరు ఎలా అయింది?
- ఓ పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ బాధ అర్థమైంది కానీ భీమవరం వాళ్ళకీ హక్కుందండీ. పాండ్రంగి ఆయన అమ్మగారు సూర్యనారాయణమ్మ గారి పుట్టిల్లు, పురిటికి పుట్టింటికెళ్ళడం మన ఇళ్ళల్లో ఉన్నదే కదా, అలా అక్కడ పుట్టారు. నాన్న వెంకటరామరాజు గారిది భీమవరం పక్కనే ఉన్న మోగల్లు, ఆయన రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్‌గా ఉండేవారు, కొడుకు చిన్నతనంలోనే పోయారు. ఆ తర్వాత ఈ కుర్రాడి చదువు ఒక్కచోట సాగలేదు, నర్సాపురం, కాకినాడ, తుని ఇలా ఊళ్ళు మారుతూనే ఉన్నాడు. అందుకే ఫలానా ఊరే ఆయనది అని గిరి గీయడం నాకు నచ్చదు.

2022 జులై 4న, 125వ జయంతికి, ప్రధాని మోదీ భీమవరం పక్కనున్న పెద అమిరం సభలోంచే ఆ విగ్రహాన్ని ఆవిష్కరించారు. పాండ్రంగిలో ఆయన పుట్టిన చోటు, ఆయన దాడి చేసిన చింతపల్లి పోలీస్ స్టేషన్ బాగు చేయిస్తామని, మోగల్లులో ధ్యానమందిరం కట్టిస్తామని అప్పుడే చెప్పారు. కాబట్టి మీ పాండ్రంగి పేరు కూడా ఆ రోజే వచ్చింది, ఆ పని ఎంతవరకు వచ్చిందో అడగాల్సింది ఇప్పుడు మీ వైపు వాళ్ళూ మేమూ అందరం కలిసి. భీమవరం వాళ్ళతో తగువు పెట్టుకుంటే ఏం లాభం చెప్పండి.

ప్రశ్న: మా ఊరి సెంటర్లో అల్లూరి విగ్రహం పెడదామని కుర్రాళ్ళం చందాలు మొదలెట్టాం. పంచాయతీ సరే అంటే చాలా?
- ఓ పాఠకుడు, తుని దగ్గర

జవాబు: చాలదు తమ్ముడూ. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. సెంటర్లో రాత్రికి రాత్రి దిమ్మె కట్టేసి తర్వాత పోలీసులొచ్చి గుడ్డ చుట్టేస్తే ఆ అవమానం ఎవరికి, ఆయనకే కదా. ఎవరైనా సొంత స్థలం ఇస్తే అక్కడ పెట్టండి, లేదంటే స్థలం ఎవరిదో వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, అధికారుల అనుమతి వచ్చాకే ముహూర్తం పెట్టుకోండి.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. మన ఊళ్ళల్లో శిలాఫలకం చూస్తే ముఖ్య అతిథి పేరు, అధ్యక్షుల పేరు, దాతల పేర్లు వరసగా ఉంటాయి, విగ్రహం ఎవరిదో ఆ మనిషి గురించి ఒక్క లైను ఉండదు. మీరు అలా చేయకండి. 1882 అటవీ చట్టం వచ్చి పోడు సేద్యం (అడవి నరికి కాల్చి చేసే సాగు) మీద ఆంక్షలు పెట్టారని, గిరిజనులతో రోడ్డు పనులకి వెట్టి చేయించారని, అందుకే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి, ఆయన దళం వరసగా మూడు రోజులు పడ్డారని రాయించండి. తీసుకెళ్ళిన తుపాకులూ తూటాలూ ఎన్నో లెక్క రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళాడాయన, ఆ సంగతి చదివితే పిల్లలు ఆ దిమ్మె దగ్గర ఆగుతారు. గాం గంటందొర, మల్లుదొర పేర్లు తప్పకుండా ఉండాలి, ఆ అన్నదమ్ములూ వాళ్ళ వెనకున్న గిరిజనులూ లేకపోతే ఆ పోరాటమే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మల్లుదొర లోక్‌సభకి కూడా ఎన్నికయ్యాడు, ఇది ఎంతమందికి తెలుసు?

ప్రశ్న: సెలవుల్లో పిల్లల్ని అల్లూరి తిరిగిన చోట్లకి తీసుకెళ్ళాలనుంది. ముందు ఎక్కడికి?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: విగ్రహం కంటే ముందు కృష్ణదేవిపేట వెళ్ళండమ్మా, నర్సీపట్నం నుంచి దారి. 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకి కట్టేసి కాల్చేశాక ఆయన్ని ఇక్కడే సమాధి చేశారు, అప్పటికి ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు. మళ్ళీ నర్సీపట్నం వచ్చి లంబసింగి మీదుగా ఘాట్ రోడ్డెక్కితే చింతపల్లి. ఎండలెక్కువున్నప్పుడు పొద్దున్నే బయల్దేరండి.