కీమో తర్వాత నిద్ర లేకపోవడం, స్కాన్ ముందు దడ: సమాధానం

కీమో ఎక్కించాక రెండు మూడు రాత్రులు అమ్మగారికి నిద్ర పట్టడం లేదని, స్కాన్ దగ్గరపడితే గుండె దడ అని రాశారు. ముందు మందులు చూడండి. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్. అది నిద్ర చెడగొడుతుంది, చిరాకూ తెస్తుంది. సాయంత్రం డోసు ఉంటే పొద్దుటికి జరపవచ్చా అని ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. వాంతులకే ఇచ్చే మరో మందు మెటోక్లోప్రమైడ్ వేసుకున్నాక ఒకచోట కూర్చోలేకపోతుంటే అది భయం కాకపోవచ్చు, మందు ప్రభావం కావచ్చు, వెంటనే చెప్పాలి.

స్కాన్ భయానికి: సాయంత్రం 15 నిమిషాలు భయాలన్నీ కాగితం మీద పెట్టించండి, డాక్టరును అడగాల్సినవి వేరే పేజీలో. పడుకునే ముందు వద్దు, అవే ఆలోచనలు మంచం మీదికి వస్తాయి. దడ వచ్చినప్పుడు 4 లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, 6 లెక్కపెడుతూ వదలాలి, 5 నిమిషాలు. తల తిరిగితే మరీ బలంగా పీలుస్తున్నారన్నమాట, నెమ్మదించాలి. ఫలితం ఎప్పుడు, ఎవరు చెబుతారో ముందే కనుక్కోండి.

“ధైర్యంగా ఉండు” అనకండి. ఆ మాట విన్నాక చాలామంది భయం చెప్పుకోవడమే మానేస్తారు. ఈ వారం మనసు బాధ 0 నుంచి 10లో ఎంతో అడగండి. 4, ఆపైన అంటే సైకో-ఆంకాలజిస్టు (క్యాన్సర్ రోగుల మనసు బాధ చూసే నిపుణులు) దగ్గరికి పంపమని అడగాలి. చనిపోవాలనిపిస్తోంది అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.